బీరువాలో కథలు, బయట ఎండలు
కాలేజీ లైబ్రరీకి తాళం పడేలోగా వేసవికి సరిపడా పుస్తకం తెచ్చుకోవడం ఎలా?

హిందూపురం: మార్చి నెలలో ఇంటర్ పరీక్షలు ముగుస్తాయి. ఆ వెనుకే డిగ్రీ పరీక్షలు. హాల్ టికెట్ చేతికి రావాలంటే లైబ్రరీకి బాకీ లేదన్న సంతకం కావాలి. అందుచేత విద్యార్థులు తమ వద్ద ఉన్న పుస్తకాలన్నీ వరుసలో నిలబడి అప్పగిస్తారు. పుస్తకాలు బీరువాల్లోకి, తాళాలు గుత్తిలోకి చేరతాయి. సరిగ్గా అప్పుడే విద్యార్థికి తీరిక మొదలవుతుంది. లైబ్రరీ తెరిచి ఉన్న పది నెలలూ చదవడానికి తీరిక ఉండదు. తీరిక దొరికిన రెండు నెలలూ లైబ్రరీ చాలాచోట్ల మూసి ఉంటుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలకు పల్లెల నుంచి బస్సుల్లో వచ్చి చదువుకునే పిల్లలకు ఏటా ఇదే తంతు.

ఈ మూడు ఊళ్లూ బెంగళూరు - గుంతకల్లు రైలు మార్గం మీద ఉన్నవే. పూర్వం అనంతపురం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. హిందూపురంలో ఎస్.డి.జి.ఎస్. కళాశాల, పెనుకొండలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల, ధర్మవరంలో కె.హెచ్. ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉన్నాయి. జూనియర్ కాలేజీలు వేరే. కాలేజీ అన్నాక లైబ్రరీ ఉంటుంది. లైబ్రరీ అన్నాక పాఠ్య పుస్తకాల వెనుక కథలు, నవలలు, యాత్రలు, జీవిత చరిత్రలు ఒకటి రెండు బీరువాల్లో అయినా ఉంటాయి. వాటిని అడిగి తీసుకునే విద్యార్థులే తక్కువ. కథల పుస్తకం అడిగితే లైబ్రేరియన్ ఏమంటారో అన్న బెరుకు ఒకటి, చదువుకోమని పంపిస్తే కథలు చదువుతున్నావా అని ఇంట్లో నాయన కోప్పడతాడేమోనన్న భయం ఒకటి.

సెలవులు అందరికీ ఒకటి కావు

వేసవి సెలవులంటే ఈ ప్రాంతంలో అందరికీ ఆటవిడుపు కాదు. కరువు పల్లెల మగపిల్లలు కొందరు రెండు నెలలు కూలి చేసుకుని నాలుగు రూపాయలు తెచ్చుకుందామని బెంగళూరు రైలెక్కుతారు. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంటి పిల్లలు కండెలు చుట్టడానికి, పట్టు సరిచేయడానికి కూర్చుంటారు. పెనుకొండ పరిసర పల్లెల్లో విత్తనాల శనక్కాయలు ఒలిచే పని ఉంటుంది. హిందూపురం వైపు చింతపండు కొట్టే పని ఉంటుంది. పని లేనివారు రచ్చకట్ట మీద సెల్‌ఫోన్‌తో పొద్దు పుచ్చుతారు.

ఆడపిల్లల సంగతి మరొక రకం. పట్టణానికి రోజూ వచ్చిపోయే పిల్ల పరీక్షలు కాగానే ఇంటికి పరిమితమవుతుంది. కాలేజీ లేని రోజున లైబ్రరీకని బస్సెక్కి రావడం పల్లెలో అంత సులువు కాదు. కొందరికి ఆ వేసవిలోనే సంబంధాలు కుదురుతాయి, లగ్నాలు పెట్టుకుంటారు. అటువంటి పిల్ల పేరు మీద లైబ్రరీ కార్డు ఉండేది అదే చివరి ఏడాది కావచ్చు. ఏప్రిల్‌లో సంచిలో పెట్టుకుని తెచ్చుకున్న రెండు పుస్తకాలు ఆమెకు ఎంత విలువైనవో తల్లిదండ్రులూ, కాలేజీ పెద్దలూ ఆలోచించవలసి ఉంది.

పెనుకొండలో పుట్టిన కావ్యం

పరీక్ష కోసం కాక ఇష్టం కోసం చదివితే ఏమి ప్రయోజనమని అడిగేవారికి పెనుకొండలోనే ఒక జవాబు ఉంది. సరస్వతీపుత్రుడని పేరు పొందిన పుట్టపర్తి నారాయణాచార్యులు 1914లో అనంతపురం జిల్లా చియ్యేడులో పుట్టారు. ఆయన బాల్యం పెనుకొండలో గడిచింది. అప్పట్లో అక్కడ సబ్ కలెక్టరుగా ఉన్న పిట్ దొర భార్య ఆ పిల్లవానికి ఇంగ్లీషు సాహిత్యం నేర్పారు. బడిలో చెప్పే పాఠానికి అది అదనం. పరీక్షలో మార్కులు తెచ్చేది కాదు. ఇటు ఇంట్లో సంస్కృతం, తెలుగు. బయటకు వస్తే కొండ మీద కోట, ఊళ్లో గగన మహలు.

1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు మార్చుకున్నారు. ఆ వైభవం పోయి రాళ్లు మిగిలిన ఊరిలో తిరిగిన ఆ పిల్లవాడు, బడి ఈడు దాటకముందే ‘పెనుగొండ లక్ష్మి’ అనే కావ్యం రాశాడు. తరువాతి కాలంలో ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు తాను రాసిన ఆ కావ్యమే పాఠ్యగ్రంథంగా ఎదురుకావడం తెలుగు సాహిత్య లోకంలో అందరూ చెప్పుకునే విశేషం. సంతోషం కోసం చదివిన చదువు పుస్తకమై, ఆ పుస్తకం పరీక్షకు పాఠమైందన్నమాట. ‘శివతాండవం’ రాసిన ఆ మహాకవికి 1972లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 1990లో కన్నుమూశారు. పెనుకొండలో చదువుతున్న విద్యార్థుల్లో ‘పెనుగొండ లక్ష్మి’ని చేతితో పట్టుకుని చూసినవారు ఎందరో లెక్క వేసుకోవచ్చు.

మన గడ్డ మీది పుస్తకాలు

వేసవికి పుస్తకం వెతికేవారు దూరం పోనవసరం లేదు. తెలిసిన ఊరి పేరు, తెలిసిన మాట కనిపించే పుస్తకంతో మొదలుపెడితే చదువు తొందరగా సాగుతుంది.

ధర్మవరం తాలూకాలో 1913లో పుట్టిన తిరుమల రామచంద్ర ఆత్మకథ ‘హంపీ నుంచి హరప్పా దాక’. స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని, పత్రికల్లో పని చేసి, దేశమంతా తిరిగిన మనిషి ఎదుట కూర్చుని కబుర్లు చెబుతున్నట్లు ఉంటుంది. పెద్ద పుస్తకమే అయినా ఎక్కడ తెరిచినా చదువుకోవచ్చు. ఆయన మరణానంతరం దీనికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. మాటల పుట్టుక మీద ఆసక్తి ఉన్నవారికి ఆయనదే ‘నుడి - నానుడి’ మంచి కాలక్షేపం. కన్నడ రచయిత శివరామ కారంత నవలను ‘మరల సేద్యానికి’ పేరిట తెలుగు చేసింది కూడా ఆయనే. పట్నం వెళ్లిన కొడుకులు, ఊళ్లో మిగిలిన భూమి, మళ్లీ నేల వైపు తిరిగిన మనుమడు. ఈ కథ చదివితే మన ఊరిదే అనిపిస్తుంది.

తరిమెలలో 1915లో పుట్టిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ 1956లో వెలువడింది. నీళ్లు లేని పెన్న, ఆ గట్టున బతికే పేద దంపతుల కథ. పద్యమని భయపడవలసిన పని లేదు. పెన్న ఇసుకను చూసినవారికి అర్థం చెప్పే పంతులు అక్కరలేదు. సింగమనేని నారాయణ కథ ‘జూదం’ వాననే నమ్ముకుని సేద్యం చేసే రైతు బతుకు పేకాట లాంటిదని చూపుతుంది. ఆయన సంపాదకత్వంలో వచ్చిన ‘సీమ కథలు’ ఒక్కటి దొరికినా చాలు, రాయలసీమ రచయితలు చాలామంది ఒకేచోట పరిచయమవుతారు. చిలుకూరి దేవపుత్ర నవల ‘పంచమం’ దళితుల జీవితాన్ని దగ్గర నుంచి చూపుతుంది. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ 18వ శతాబ్దంలో పాలెగాళ్ల నాటి సీమను కళ్లకు కడుతుంది. దానికి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. హిందూపురం ప్రాంతపు పల్లె మాటను కథల్లోకి, కవిత్వంలోకి తెచ్చినవారిలో సడ్లపల్లె చిదంబరరెడ్డి ఒకరు.

వేమన సమాధి ఉన్న కటారుపల్లె ఇప్పుడు ఈ జిల్లాలోనిదే. వేమన పద్యాలు నోటికి వచ్చినవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అనంతపురం జిల్లా రాళ్లపల్లెకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వేమన మీద చేసిన ఉపన్యాసాల పుస్తకం చదివితే, తెలిసిన పద్యమే కొత్తగా వినిపిస్తుంది.

కేవలం నవ్వుకోవాలనుకునేవారికి మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టరు పార్వతీశం’, మునిమాణిక్యం నరసింహారావు కాంతం కథలు ఉన్నాయి. ఒక్క రాత్రిలో అడవిలో ఒంటరి ముసలివాడు పడే పాట్లు ఊపిరి బిగబట్టి చదవాలనుకుంటే కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ తీసుకోవచ్చు. పుస్తకం చిన్నది, ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. ప్రయాణాలంటే ఇష్టపడేవారికి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ ఉంది. డిగ్రీ పిల్లలకు ఇంకొక సరదా కూడా ఉంది. డబ్ల్యు. ఫ్రాన్సిస్ కూర్చిన అనంతపురం జిల్లా గెజిటీర్ 1905లో వచ్చింది. కాలేజీలో గాని, జిల్లా గ్రంథాలయంలో గాని దొరికితే అందులో సొంత తాలూకా గురించి ఏమి రాశారో వెతుక్కోవచ్చు.

ఈ పుస్తకాలన్నీ అన్ని లైబ్రరీల్లోనూ ఉంటాయని కాదు. పదింటిలో రెండు దొరికినా ఒక వేసవి గడుస్తుంది.

బీరువా ముందు నిలబడి

కోరిన పుస్తకం పట్టుకోవడానికి కొద్దిపాటి ఉపాయం తెలిస్తే చాలు. చాలా కాలేజీల్లో పుస్తకాలను డ్యూయీ పద్ధతి అంకెల ప్రకారం సర్దుతారు. పుస్తకం వెన్ను మీద అంటించిన చీటీలో ఆ అంకె ఉంటుంది. 800 అంకె వరుస సాహిత్యం, 900 వరుస చరిత్ర, భూగోళం, యాత్రలు. తెలుగు సాహిత్యానికి ప్రత్యేకించిన అంకె 894.827. ఈ ఒక్క అంకె గుర్తు పెట్టుకుంటే కథల వరుసకు నేరుగా పోవచ్చు. బీరువా తెరిచి చూసుకోనివ్వని చోట, రచయిత పేరు కాగితం మీద రాసిస్తే లైబ్రేరియన్ రిజిస్టరు చూసి చెబుతారు.

ఎన్నుకునేటప్పుడు అట్ట చూసి మోసపోకూడదు. మధ్యలో ఎక్కడో తెరిచి రెండు పేజీలు నిలబడే చదవాలి. మూడో పేజీ తిప్పాలనిపిస్తే అది మీ పుస్తకం. లేదంటే వెనక్కి పెట్టేయాలి, అందులో తప్పేమీ లేదు. చదివే అలవాటు కొత్త అయితే నవల కన్నా కథల సంపుటి మేలు. ఒక కథ నచ్చకపోతే మరొకటి ఉంటుంది. పని మధ్యలో ఆపి లేచినా తెగిపోదు. ఒకటి సులువైనది, ఒకటి కొంచెం బరువైనది కలిపి తీసుకుంటే రెండూ పూర్తవుతాయి. సరిహద్దు పల్లెల్లో కన్నడం చదవగల పిల్లలు కన్నడ పుస్తకాలు, ఉర్దూ వచ్చినవారు ఉర్దూ పుస్తకాలు అడగడానికి సంకోచించనవసరం లేదు. అడిగితేనే ఫలానావి కావాలని లైబ్రరీకి తెలుస్తుంది.

భారత గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనదగిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే ఐదు సూత్రాలు చెప్పారు. పుస్తకం దాచడానికి కాదు, వాడడానికని వాటి సారం. పోతుందని, చిరుగుతుందని బీరువాలో పెట్టిన పుస్తకానికి చెదలు పట్టడం మాత్రం ఆగదు.

ఒకరు చదివితే పదిమంది వింటారు

పుస్తకం ఒంటరిగానే చదవాలన్న నియమం లేదు. విత్తనాలు ఒలిచేచోట, చింతపండు కొట్టేచోట చేతులకే పని, చెవులు ఖాళీ. కాలేజీకి పోయే మనుమరాలు ఒక కథ పైకి చదివితే జేజి, అమ్మ, పక్కింటి పిన్నమ్మ అందరూ వింటారు. పూర్వం హరికథలకు, తోలుబొమ్మలాటకు తెల్లవార్లూ కూర్చున్న పల్లెలివి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులకు దేశమంతటా పేరుంది. కథ వినే అలవాటు పోలేదు, చెప్పేవారు కరువయ్యారు. చదువురాని నాయనకు ‘జూదం’ చదివి వినిపిస్తే, కథల పుస్తకం చదువుకు చేటన్న ఆయన అభిప్రాయం కూడా మారవచ్చు.

బెంగళూరు పనికి పోయే కుర్రవాళ్లకూ సంచిలో ఒక చిన్న పుస్తకం బరువు కాదు. సెల్‌ఫోన్‌నే నమ్ముకున్నవారికి కేంద్ర ప్రభుత్వ సహాయంతో ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది. పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలకొద్దీ ఉచితంగా దొరుకుతాయి. రచయిత పేరు తెలుగులోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ కొట్టి చూడాలి. అక్కడ అక్షరదోషాలు ఉంటాయి గనుక ఒకసారి దొరకలేదని వదిలేయకూడదు.

ఇంటి పన్నులో మీ పైసలు

కాలేజీ మూసిన రోజుల్లో మిగిలే దిక్కు శాఖా గ్రంథాలయం. ఇది విద్యార్థులకే కాదు, ఊరివారందరికీ చెందినది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా వసూలవుతుంది. రూపాయి పన్నుకు 8 పైసలు. పంచాయతీలు, మునిసిపాలిటీలు ఆ సొమ్మును వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. పుస్తకాలు కొనేది, భవనాలు బాగుచేసేది అందులో నుంచే. ఇంటి పన్ను రశీదు చేతిలో ఉన్న ప్రతి రైతూ, ప్రతి నేత కార్మికుడూ గ్రంథాలయానికి డబ్బు కట్టినవాడే. అక్కడ పుస్తకం అడగడం దయాదాక్షిణ్యం కాదు, హక్కు.

శాఖా గ్రంథాలయాలు సాధారణంగా ఉదయం, సాయంత్రం రెండు పూటలు తెరుస్తారు, శుక్రవారం సెలవు. కొద్ది మొత్తం ధరావతు కట్టి సభ్యులైతే పుస్తకం ఇంటికి తెచ్చుకోవచ్చు. ఇటీవలి సంవత్సరాల్లో వేసవిలో పిల్లల కోసం విజ్ఞాన శిబిరాలు కూడా జరుపుతున్నారు. కథలు చదివించడం, చెప్పించడం, బొమ్మలు గీయించడం వీటిలో ఉంటుంది. పిల్లలను పంపడానికి పైసా ఖర్చు లేదు.

పుస్తకాన్ని మనిషి దగ్గరకు చేర్చడం తెలుగువారికి కొత్త విద్య కాదు. 1914లోనే అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి చొరవతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమయ్యారు. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఆ ఉద్యమానికి ఎన్నో ఏళ్లు పెద్దదిక్కుగా నిలిచారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. అమెరికాలో 19వ శతాబ్దం చివరినాటికే పట్టణ గ్రంథాలయాలు సెలవుల్లో చదవమని పిల్లలకు పుస్తకాల జాబితాలు ఇవ్వసాగాయి. కోస్తాలో కాలువ ఉంది కాబట్టి పడవ నడిచింది. మన పల్లెలకు కాలేజీ పిల్లలు ఎక్కే బస్సు నడుస్తూనే ఉంది. ఒక్కొక్కరి సంచిలో రెండేసి పుస్తకాలు పెట్టి పంపితే అదే నడిచే గ్రంథాలయం.

ఏమి చేయవచ్చు?

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. పరీక్షలకు ముందు పాఠ్య పుస్తకాలు అప్పగించుకున్న తరువాత, వేసవి కోసమని ఒక్కొక్కరికి రెండు సాధారణ పుస్తకాలు ఇచ్చి జూన్‌లో తిరిగి తీసుకోవచ్చు. చదువు ముగించి వెళ్లిపోయే చివరి ఏడాది పిల్లల దగ్గర కొద్ది మొత్తం ధరావతు తీసుకోవచ్చు. వేసవిలో వారానికి రెండు ఉదయాలు లైబ్రరీ తెరిచి ఉంచినా దగ్గరి ఊళ్లవారికి సౌకర్యంగా ఉంటుంది. పోయినవి, చిరిగినవి కొన్ని ఉంటాయి. వాటికి సిబ్బంది జేబు నుంచి డబ్బు కట్టవలసి వస్తుందన్న భయం లేకుండా చేయడం ప్రిన్సిపాళ్ల బాధ్యత. ఆ భయం ఉన్నంతకాలం ఏ లైబ్రేరియనూ తాళం తీయడానికి ముందుకు రారు.

పంచాయతీలు గ్రంథాలయ పన్ను బకాయిలు జమ చేశాయో లేదో గ్రామసభలో అడిగే హక్కు ప్రజలకు ఉంది. తల్లిదండ్రులు చేయవలసిందల్లా కొడుకో కూతురో మంచం మీద కథల పుస్తకం పట్టుకుని కనిపిస్తే పది నిమిషాలు ఓపిక పట్టడం. విద్యార్థులు చేయవలసింది ఇంకా చిన్నది. ఆఖరి పరీక్షకు వారం ముందే లైబ్రేరియన్ దగ్గరకు పోయి, ‘సార్, సెలవుల్లో చదువుకోవడానికి ఏదైనా కథల పుస్తకం ఇస్తారా?’ అని అడగాలి. అడిగినవారి సంఖ్య పెరిగితే వచ్చే వేసవికి ఆ బీరువాల తాళాలు వాటంతట అవే సడలుతాయి.